ఇటుక పట్టిన చేతులు, బంతి పట్టిన చేతులు

(ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన మాటలు ఇవి. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం కుదరని వాళ్ళు చదువుకోవడానికి రాసి పెట్టాం.)

క్యాంపులో మంచం మీద పడుకుని వింటున్నారో, డ్యూటీ బస్సులో కూర్చుని వింటున్నారో, వంటింట్లో గిన్నెలు కడుగుతూ వింటున్నారో నాకు తెలియదు. ఎక్కడున్నా ఒక అరగంట నాతో ఉండండి.

నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల వైపు ఒక ఊరు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. పదకొండేళ్ళు దుబాయ్‌లో చేశాను. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం మీద అమెరికా కాగితాలు వస్తే, ఆమె వెనకాల నేనొచ్చాను. ఇక్కడ మన ఐటీఐ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. మళ్ళీ కూలీగా మొదలుపెట్టి, ఓషా 30 గంటల కార్డు తీసుకుని, మెల్లగా సూపర్‌వైజర్ అయ్యాను. ఇప్పుడు టెక్సస్‌లో డల్లాస్ దగ్గర బిల్డింగులు కట్టిస్తున్నాను.

ఈ రోజు ఒక ఆట గురించి చెప్తాను. క్రికెట్ కాదు. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అంటారే, కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరి పట్టుకునేది, అది. మొదట్లో నాకూ అర్థం కాలేదు. కొమ్ములు లేని ఎద్దుల్లాగా హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటున్నారు, ఇదేం ఆటరా అనుకునేవాణ్ణి. మా సైట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. మిసిసిపీ రాష్ట్రం నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, తాపీ మేస్త్రీ, అరవై దాటినవాడు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు అన్నాడు, "ఈ ఆటలో అందరికంటే గొప్పవాడు ఇటుకలు మోసి వచ్చినవాడు, నీకు తెలుసా?" అని. అప్పుడు చెవి పెట్టాను.

ఆ గొప్పవాడి పేరు జెర్రీ రైస్. రైస్ అంటే బియ్యం. అన్నం తినేవాళ్ళం, మనం మర్చిపోయే పేరు కాదు.

ముందు ఆట కొంచెం చెప్తాను, లేకపోతే కథ తలకెక్కదు. ఒక్కో జట్టుకు పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు. మనం ప్లాట్లు కొలిచే గజమే. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోకపోతే బంతి అవతలివాళ్ళది. అలా పోయి పోయి చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. దూరంగా పరిగెత్తి దాన్ని పట్టుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. రిసీవర్ తన ఇష్టం వచ్చినట్టు పరిగెత్తడు. ఇన్ని గజాలు నేరుగా పో, అక్కడ ఎడమకు తిరుగు అని ముందే దారి గీసి ఉంటది. చాలాసార్లు వాడు ఇంకా తిరగకముందే బంతి గాల్లోకి వచ్చేస్తది. వాడు ఆ జాగాలో ఉంటాడని నమ్మి వీడు విసురుతాడు. బంతి అక్కడికే వస్తదని నమ్మి వాడు తిరుగుతాడు.

జెర్రీ రైస్ 1962లో మిసిసిపీలో పుట్టాడు. క్రాఫర్డ్ అనే చిన్న పల్లెలో పెరిగాడు. నాన్న తాపీ మేస్త్రీ. ఎండాకాలం వస్తే కొడుకులందరూ నాన్న వెంట పనికి పోవాల్సిందే. ఈయన పరంజా మీద నిలబడేవాడు. కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసిరేవాళ్ళు. ఒక్కోసారి ఒకటి కాదు, కలిపి నాలుగు. పట్టుకుని నాన్నకు అందించాలి. జారితే కాలి మీద పడుతుంది, పగిలితే నాన్న ఊరుకోడు. నా చేతులకు పట్టు వచ్చింది అక్కడే అని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

సూపర్‌వైజర్‌గా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ రోజు నా సైట్లో ఎవడైనా ఇటుక పైకి విసిరితే పని ఆపించేస్తాను. హాయిస్ట్ ఉంది, వాడండి. కానీ ఆ దృశ్యం మనకు తెలియనిదా? మా ఊళ్ళో స్లాబ్ వేసే రోజు గుర్తుంది నాకు. మా అమ్మతో సహా ఇరవై మంది వరుసగా నిలబడి గమేళాలు చేతి నుంచి చేతికి అందించేవాళ్ళు. మధ్యలో ఒక్కరు మాట్లాడుతూ అటు తిరిగితే వరుస మొత్తం ఆగిపోయేది. ఆ వరుసలో ఎవరు ఎక్కువ గమేళాలు మోశారు అని ఎవరూ లెక్క పెట్టలేదు. సాయంత్రానికి స్లాబ్ పడిందా లేదా, అదే లెక్క.

రైస్ ఫుట్‌బాల్‌లోకి వచ్చిన తీరు కూడా తమాషాగా ఉంటది. హైస్కూల్లో క్లాసు ఎగ్గొట్టాడు. వెనక నుంచి స్కూలు పెద్దసారు వచ్చాడు. వీడు ఉరికాడు. ఆ ఉరుకు చూసిన సారు శిక్ష వేయడమే కాకుండా ఫుట్‌బాల్ కోచ్ దగ్గరికి పంపించాడు.

పెద్ద కాలేజీలు ఆయన్ని పిలవలేదు. ఇట్టా బీనా అనే చిన్న ఊళ్ళో ఉన్న మిసిసిపీ వ్యాలీ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. నల్లజాతి పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది. అక్కడ బంతి విసిరేవాడి పేరు విల్లీ టాటెన్. వీళ్ళిద్దరూ కలిసి 1984లో కాలేజీ ఫుట్‌బాల్‌ను ఊపేశారు. ఈ రోజు ఆ కాలేజీ స్టేడియం పేరు ఏంటో తెలుసా? రైస్-టాటెన్ స్టేడియం. ప్రపంచానికి తెలిసింది రైస్. టాటెన్ పేరు మనలో ఎవరమూ వినలేదు. కానీ ఆ ఊరివాళ్ళు పట్టేవాడి పేరు ఒక్కటే రాయలేదు, విసిరేవాడి పేరు కూడా రాశారు. ఇది విన్నప్పుడు నా మనసులో ఏదో గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

1985లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు ఆయన్ని తీసుకుంది. అక్కడ కుర్రాళ్ళను వరుసగా ఎంచుకుంటారు, మన ఐపీఎల్ వేలంలాగా, కాకపోతే డబ్బు పాట ఉండదు, నంబర్ల వారీగా ఎంపిక. రైస్‌ది 16వ నంబర్. ఆయనకంటే ముందు ఇద్దరు రిసీవర్లను వేరే జట్లు తీసేసుకున్నాయి. రైస్ అంత వేగంగా ఉరకడు అని చాలామందికి అనుమానం. బిల్ వాల్ష్ అనే కోచ్ ఒక్కడు పట్టుబట్టి, ముందు నంబర్ కోసం వేరే జట్టుతో మార్పిడి చేసుకుని మరీ తీసుకున్నాడు.

వచ్చి రాగానే ఏమైంది? బంతులు జారవిడిచాడు. సొంత ఊరి జనమే అరిచారు. రెండో ఏడాది చివర్లో ఇంకో ఘోరం. 1987 జనవరిలో న్యూయార్క్ జెయింట్స్‌తో నాకౌట్ మ్యాచ్. బంతి పట్టాడు, ముందు ఎవరూ లేరు, గీత దాటడమే తరువాయి. ఎవరూ ముట్టుకోలేదు, బంతి దానంతట అదే చేతిలోంచి జారిపోయింది. ఆ మ్యాచ్ 49-3తో ఓడిపోయారు.

కొత్త దేశంలో మొదటి ఆరు నెలలు గుర్తు చేసుకోండి. మనకు పని రాదని కాదు. చూస్తున్నారు అన్న భయానికే చేతులు వణుకుతాయి. రైస్‌కూ అదే జరిగింది. తర్వాత ఏడాది, అదే 1987లో, 12 మ్యాచ్‌ల్లో 22 టచ్‌డౌన్లు పట్టాడు. మంత్రం ఏమీ లేదు. ప్రాక్టీసులో బంతి పట్టిన ప్రతిసారీ, నిజం మ్యాచ్‌లాగా గీత దాకా ఉరికేవాడు. మిగతావాళ్ళు నాలుగు అడుగులు వేసి ఆగిపోయేవాళ్ళు. ఆట లేని నెలల్లో శాన్ కార్లోస్ అనే ఊళ్ళో ఒక కొండ ఎక్కేవాడు. రెండున్నర మైళ్ళ దారి, పరుగు మీద. ఆ కొండకు తీసుకుపోయింది ఇంకో ఆటగాడు, రోజర్ క్రెయిగ్. ఒకే జట్టులో ఇద్దరు, ఒకరినొకరు దాటాలని పోటీ. కానీ కొండ దాచుకోలేదు, చూడండి. పద, కలిసి ఎక్కుదాం అన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. జెర్రీ రైస్ 20 సీజన్లు ఆడాడు. మొత్తం 303 మ్యాచ్‌లు. 1,549 బంతులు పట్టాడు, 22,895 గజాలు సంపాదించాడు. రెండో స్థానంలో ఉన్నవాడు లారీ ఫిట్జ్‌జెరాల్డ్, 17,492 గజాలు. ఎంత తేడా ఉందో మీరే చూడండి.

నేను లెక్కల మనిషిని, డ్రాయింగుల దగ్గర పెరిగినవాణ్ణి. 1,549ని 303తో భాగించాను. మ్యాచ్‌కు ఐదు వచ్చింది. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు దాదాపు అరవై సార్లు బంతి ఆడుతుంది. అంటే ఈ ఆటలోనే గొప్ప రిసీవర్ చేతికి బంతి వచ్చింది అరవైలో ఐదుసార్లు. మరి మిగతా యాభై ఐదు సార్లు ఏం చేస్తున్నాడు? ఉరుకుతున్నాడు. బంతి రాదని తెలిసీ, వస్తున్నట్టే ఉరుకుతున్నాడు. ఇద్దరు ప్రత్యర్థులను తన వెంట లాక్కుపోతున్నాడు. లేదా తన జట్టువాడి దారికి అడ్డం వచ్చేవాణ్ణి ఆపుతున్నాడు. ఆ యాభై ఐదూ రికార్డు పుస్తకంలో ఎక్కడా ఉండవు.

1989 జనవరి 22. మయామీలో సూపర్ బౌల్. అంటే వాళ్ళ ఫైనల్. సిన్సినాటి బెంగాల్స్ 16-13తో ముందున్నారు. మూడు నిమిషాల పైచిలుకు టైమే ఉంది. ఫార్టీనైనర్స్ 92 గజాలు పోవాలి. జో మాంటానా విసురుతున్నాడు, రైస్ పడుతున్నాడు. ఆ రోజు మొత్తం 11 బంతులు పట్టాడు, 215 గజాలు. చివరికి గీత 10 గజాల దూరంలోకి వచ్చింది. స్టేడియంలో ప్రతి ఒక్కరికీ ఒకటే అనుమానం, బంతి రైస్‌కే వస్తదని.

మాంటానా అరిచే లోపు రైస్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు కదిలాడు. ప్రత్యర్థుల కళ్ళు ఆయన వెంట పోయాయి. బంతి మాత్రం నడిమికి పోయింది. అక్కడ జాన్ టేలర్ ఉన్నాడు. ఆయన కూడా రిసీవరే, అంటే రైస్‌కు సొంత జట్టులోనే పోటీదారుడు. ఆ మ్యాచ్‌లో అప్పటిదాకా ఒక్క బంతి కూడా పట్టలేదు. ఆ ఒక్కటి పట్టాడు. 34 సెకన్లు మిగిలుండగా 20-16తో గెలిచారు.

ఫైనల్‌ను గెలిపించిన బంతి రైస్ చేతికి రాలేదు. కానీ టేలర్‌కు ఖాళీ దొరకడంలో ఆయన ఉరుకుకు భాగం ఉంది. ఆ రోజు మోస్ట్ వాల్యూబుల్ ప్లేయర్ బహుమతి రైస్‌కే ఇచ్చారు. ఇవ్వకపోయినా ఆ ఉరుకు ఆయన ఉరికేవాడే.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా పోయిన ఏడాదే చెప్పాను.

దుబాయ్‌లో ఉన్నప్పుడు మా పక్క మండలం అతను ఒకడు నాతోపాటే రూములో ఉండేవాడు. మా ఇద్దరిదీ ఒకే బ్యాచ్, ఒకే ఏజెంటు, ఒకే అప్పు. ఇద్దరం బాగా పనిచేసేవాళ్ళం. సైట్లో చార్జ్‌హ్యాండ్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఇద్దరిలో ఒకరికి అని ఇంజనీరు చెప్పాడు. జీతం పెద్దగా ఏం పెరగదు. కానీ ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. అప్పట్లో మా చెల్లె పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఈ పోస్టు రాకపోతే నేను ఎందుకూ పనికిరానివాణ్ణి అన్న భయం నన్ను రాత్రుళ్ళు పడుకోనివ్వలేదు.

ఒక అంతస్తు స్లాబ్ సగం నాది, సగం వాడిది. పోసే ముందు రోజు సాయంత్రం సైట్ ఆఫీసులో నా చేతికి డ్రాయింగ్ కొత్త రివిజన్ ఇచ్చారు. పైపుల కోసం పెట్టే స్లీవ్‌ల జాగాలు మారాయి. "వాడికి కూడా చెప్పు" అన్నారు. నేను నా సగంలో స్లీవ్‌లు మార్చుకున్నాను. వాడికి చెప్పలేదు. మర్చిపోయాను అని ఇన్నేళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. రూముకు వచ్చాను, వాడే వండిన పప్పు తిన్నాను, పక్క మంచం మీద పడుకున్నాను, చెప్పలేదు.

పొద్దున కాంక్రీటు పోశారు. రెండు రోజులకు బయటపడింది. వాడి సగంలో పద్నాలుగు చోట్ల కోర్ కటింగ్ చేయాల్సి వచ్చింది. వాడి జీతంలో కోశారు. పోస్టు నాకు వచ్చింది. ఆ కాంట్రాక్టు అయిపోగానే వాడు ఇంటికి పోయాడు, మళ్ళీ రాలేదు. ఇంకో మాట, ఆ కోర్ కటింగ్ కోసం మా గ్యాంగ్ మొత్తం నాలుగు రాత్రులు నిద్ర లేకుండా నిలబడింది. ఆ రాత్రి డ్యూటీకి చార్జ్‌హ్యాండ్‌గా నిలబడింది ఎవరో కాదు, నేనే. నేను వాడి మీద గెలిచాను అనుకున్నాను. ఓడింది మా అందరి స్లాబ్.

జాన్ టేలర్ పట్టిన ఆ బంతి వీడియో చూసినప్పుడల్లా నాకు ఆ పప్పు గుర్తొస్తది. రైస్ ఆ ఒక్క ఉరుకు బద్ధకంగా ఉరికి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను డ్రాయింగ్ దాచిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు. ఎవరూ చూడని చోటే మనిషి ఎట్లాంటివాడో తేలేది.

రైస్‌ను దేవుణ్ణి చేయడానికి నేను ఈ కథ చెప్పట్లేదు. ఆయన్ని కూడా భయం చాలా తిప్పలు పెట్టింది. 1997 ఆగస్టు 31న టాంపాలో మోకాలు దెబ్బతింది. లోపల రెండు లిగమెంట్లు తెగాయి. అలాంటి దెబ్బకు మామూలుగా ఒక సీజన్ మొత్తం పోయినట్టే. అంతకు ముందు వరుసగా 189 మ్యాచ్‌లు మానకుండా ఆడిన మనిషి. ఇంట్లో కూర్చోలేకపోయాడు. డిసెంబర్ 15కే తిరిగి వచ్చేశాడు, మూడున్నర నెలలకు. వచ్చిన రోజే ఒక టచ్‌డౌన్ పట్టాడు. పట్టి కింద పడినప్పుడు అదే కాలి మోకాలి చిప్ప పగిలింది. సీజన్ అంతటితో ముగిసింది.

తమ్ముళ్ళూ, ఇది మీకోసమే చెప్తున్నాను. నడుము పట్టేసినా చెప్పరు. చేతికి మేకు దిగితే గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగుతారు. చెబితే నా జాగాలో ఇంకొకణ్ణి పెడతారు అన్న భయం. నాకు తెలుసు, నేనూ దాచాను. రైస్ దగ్గర పెద్ద డాక్టర్లు ఉన్నారు, కోట్ల కాంట్రాక్టు ఉంది. ఆయనే తొందరపడి చిప్ప పగలగొట్టుకున్నాడు. మన దగ్గర ఉన్నది ఈ ఒళ్ళు ఒక్కటే. దెబ్బ తగిలిన రోజే చెప్పండి, కాగితం మీద రాయించండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం రేపు మీకు పనికొస్తది. ఆయన 1998లో నిదానంగా కోలుకుని వచ్చి ఆ సీజన్ 16 మ్యాచ్‌లూ ఆడాడు. ఆగితే జాగా పోలేదు.

జాగా పోయే రోజు మాత్రం ఎవరికైనా వస్తది. 2000 డిసెంబర్ 17. శాన్ ఫ్రాన్సిస్కో సొంత మైదానంలో ఆ జట్టు తరఫున రైస్ ఆఖరి ఆట. జనం ఆయన కోసం వచ్చారు. ఆ రోజు టెరెల్ ఓవెన్స్ అనే కుర్రాడు 20 బంతులు పట్టాడు, అప్పటికి అది కొత్త రికార్డు. రైస్‌కు వీడ్కోలు చెప్పే రోజున వార్త ఓవెన్స్‌ది అయింది. మనసుకు ఎలా ఉండి ఉంటదో ఆలోచించండి. మనం పని నేర్పిన కుర్రాడు మనకంటే వేగంగా షట్టరింగ్ కొడుతుంటే ఎలా ఉంటదో నాకు తెలుసు. నలభై దాటాక ఆ నొప్పి పొద్దున లేవగానే మోకాళ్ళలో ఉంటది, సైట్లో మనసులో ఉంటది.

రైస్ ఏం చేశాడు? ఓక్లాండ్ రైడర్స్ జట్టుకు పోయాడు, కొత్తవాళ్ళతో కలిశాడు. నలభై ఏళ్ళ వయసులో 2002 సీజన్లో 92 బంతులు పట్టాడు. 2003 జనవరిలో మళ్ళీ ఫైనల్ ఆడాడు. ఓడిపోయారు, కానీ అందులోనూ ఒక టచ్‌డౌన్ పట్టాడు. 2005లో డెన్వర్ జట్టులో తనకు వెనక వరుసే మిగిలిందని తెలిశాక, ఆట మొదలయ్యే ముందే దండం పెట్టి తప్పుకున్నాడు.

2010 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అదే రోజు డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఎమ్మిట్ స్మిత్‌ను కూడా చేర్చారు. అందుకే మా సైట్లో కౌబాయ్స్ అభిమానులు రైస్ పేరెత్తితే ముందు మొహం మాడ్చుకుని, తర్వాత ఒప్పుకుంటారు. ఆ రోజు రైస్ మాట్లాడింది నేను రెండు మూడుసార్లు విన్నాను. రికార్డుల గొప్పలు చెప్పుకోలేదు. నన్ను నడిపింది ఓడిపోతానేమో అన్న భయం అని ఒప్పుకున్నాడు. తనకు ఒకటే విచారం ఉందన్నాడు. ఆ ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఆగి, ఆడుతున్నందుకు సంతోషపడలేదట. ఎప్పుడు చూసినా తర్వాతి పని మీదే ధ్యాస.

ఆ మాట విని నేను చాలాసేపు కారులోనే కూర్చున్నాను. భయం మనందరికీ ఉంది. అప్పు భయం, వీసా భయం, అవతలివాడు ముందుకు పోతాడన్న భయం. భయం లేకుండా ఊరు దాటి వచ్చేవాళ్ళమే కాదు. అదే భయం రైస్‌ను కొండ ఎక్కించింది. అదే భయం నాతో డ్రాయింగ్ దాచిపెట్టించింది. కాబట్టి భయపడొద్దు అని నేను చెప్పను, అది అబద్ధం. భయం వేసినప్పుడు అది నిన్ను పని వైపు తోస్తోందా, పక్కవాడి మీదికి తోస్తోందా, అది చూసుకో. పని వైపు అయితే పోనివ్వు. పక్కవాడి మీదికి అయితే ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా సైట్లో ఇద్దరు కుర్రాళ్ళు లీడ్ పోస్టు కోసం పోటీ పడ్డారు. ఒకడు నా దగ్గరికి వచ్చి రెండోవాడి తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆగు అన్నాను. "వాడి పనిలో తప్పు కనిపిస్తే ముందు వాడికి చెప్పావా?" అని అడిగాను. తల దించుకున్నాడు. తిట్టలేదు. తిట్టే అర్హత నాకెక్కడిది? నేను చేసింది ఒక్కటే. రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో, డ్రాయింగ్ మారితే అందరి ముందూ గట్టిగా చదివించడం మొదలుపెట్టాను. చదివాక ఆ కాగితం బోర్డు మీద అంటిస్తాం. ఒక్కడి జేబులో ఏ కాగితమూ ఉండకూడదు. సూపర్‌వైజర్లు ఎవరైనా వింటుంటే, ఈ పని రేపటి నుంచే చేయొచ్చు, ఖర్చు లేదు.

దుబాయ్‌లో నా రూమ్మేట్‌కు ఫోన్ చేశాను. నంబర్ కోసం మూడు ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు ఊళ్ళోనే సెంట్రింగ్ సామాను కిరాయికి ఇస్తున్నాడు. చెప్పాను, మొత్తం. అవతల చాలాసేపు మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అన్నాడు, "పద్నాలుగు కాదురా, పదహారు. రెండు మళ్ళ కొట్టాల్సొచ్చింది." అంతే. ఇంకేం అనలేదు. మా పిల్లలు ఏం చదువుతున్నారో అడిగాడు. చెప్పాను. సరే, డ్యూటీకి పొద్దయితది, పెట్టెయ్ అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు, అడగలేదు. ఇన్నేళ్ళు ఆ రంధ్రాల లెక్క వాడికి గుర్తుంది. తప్పు నాది అయితే నేనే రెండు తక్కువ గుర్తు పెట్టుకున్నాను.

సంక్రాంతికి ఊరికి పోతున్నాను. వాళ్ళ ఇంటికి పోతాను. తలుపు తీస్తే కూర్చుంటాను, తీయకపోతే అరుగు మీద కాసేపు కూర్చుని వస్తాను.

ఈ వారానికి ఇంతే. ఈ రాత్రి మీ రూములో వంట చేసింది ఎవరో, వాళ్ళను ఒకసారి పలకరించండి. తెల్లవారి మీ చేతికి ఏదైనా కొత్త కాగితం వస్తే, ముందు పక్కవాడికి చూపించండి. ఒంటికి దెబ్బ తగిలితే దాచకండి. మీకూ ఇలాంటి కథ ఏదైనా ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేరు చెప్పాల్సిన పని లేదు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. పైలం.